హెల్పర్ మార్తమ్మ

ఆమెని హెల్పర్ని చేసింది మీరే. బల్ల వెనక కూర్చున్న మీరు ముగ్గురూ. ఫ్యాను మీ వైపు తిప్పుకుని, జనం ఇచ్చిన కాగితాల మీద టీ గ్లాసులు పెట్టుకుని, ఇరవై ఏళ్లుగా కొయ్యకి గొంతు పోస్తున్న మనిషిని ఒక్క మాటతో పక్కకి నెట్టేసి, కేంపు బ్రహ్మాండంగా జరిగిందని ఫొటోలు పెట్టుకున్నది మీరే. ఆ ఫొటోల్లో ఆమె లేదు. ఆమె భుజం ఒకటి ఉంది. మిగతాది కోసేశారు. మాకేం తెలుసు అనకండి. తెలుసుకోకపోవడమే మీ నేరం. ఇదిగో, జరిగింది జరిగినట్టు.

బిస్సమ్ కటక్ సంత మైదానం పక్కనున్న పెళ్లిళ్ల హాల్లో శిల్పుల కార్డుల కమిటీ కేంపు పెట్టింది. సోమవారం ఫారాలు నింపడం, గురువారం పని చూపించడం, శుక్రవారం సంతకాలు. సోమవారం పదింటికే దేవప్రసాద్, మార్తమ్మ వరసలో నిలబడ్డారు. ముందు బుట్టలల్లేవాళ్లు, వెనక ఇత్తడి బొమ్మలు పోసేవాళ్లు. దేవప్రసాద్ చంకలో గుడ్డసంచి, అందులో ఒక జత గిలకలు. పిల్లలాడుకునేవి కాదు, పాటకి తాళం పట్టేవి. వెలగపండంత బుర్ర, దానికి జానెడు పిడి, లోపల గింజలు. కోరాపుట్ నుంచి మాచ్‌ఖండ్ కాలనీ దాకా చర్చి పాటల జట్లు ఈ గిలకలే వాడతాయి. కొండమీద ఊళ్ల నాట్యం జట్లూ ఇవే పట్టుకెళతాయి.

ఫారాలు నింపే గుమాస్తా రమణమూర్తి పార్వతీపురం వైపు మనిషి. తెలుగువాళ్లు కనబడగానే అతని ముఖం కొంచెం విప్పారింది.

"పేరు?"

"దేవప్రసాదండి."

"పని?"

"కొయ్య గిలకలండి. అంకుడు కర్రతోటి సేస్తాం."

"ఈవిడ?"

"మా ఇంటిదండి. మార్తమ్మ."

"ఈవిడేటి సేస్తాది?"

దేవప్రసాద్ ఒక్క క్షణం ఆలోచించాడు. అబద్ధం చెప్పాలని కాదు. ఇంట్లో రోజూ జరిగేదానికి పేరు వెతుక్కోవలసి వచ్చింది అంతే.

"గింజలు నింపుద్దండి," అన్నాడు.

రమణమూర్తి రాసేశాడు. మార్తమ్మ ముందుకి వంగి చూసింది. ఆమెకి ఇంగ్లీషు రాదు. కానీ ఆ ఆరక్షరాలూ వచ్చు. కూతురు ప్రవీణ నర్సుగా పని చేసే ఆసుపత్రిలో నీలం కోటు వేసుకుని బెడ్‌పాన్లు మోసేవాళ్ల జేబుల మీద అవే ఉంటాయి.

"అదేటి రాసేరు బావూ?"

"హెల్పరని రాసేనమ్మా. నీ పేరు కూడా ఉంటాది కదా, మంచిదే."

"గింజ ఏరీది నాను. ఎండబెట్టీది నాను. ఎన్ని పడాలో ఇని సెప్పీది నాను. కొయ్య ఆయనది, మోత నాది. నాను హెల్పర్నెలాగయ్యేను?"

"మోతకి గడి లేదమ్మా. ఇదిగో నువ్వే సూడు. శిల్పి పేరు. వాడే పనిముట్లు. ఆయనకి లేతు మిషనుంది, ఉలులున్నాయి, రాసేను. నీ పనిముట్టేటి?"

మార్తమ్మ తడుముకోలేదు.

"నా సెవి."

ముందున్న బుట్టల ముసలమ్మకి ఎవరో ఒడియాలో చెప్పారు. వరసంతా నవ్వింది. రమణమూర్తి కూడా నవ్వాడు, చెడ్డగా కాదు.

"సెవిని పనిముట్టని రాస్తే కమిటీ నాకు సెవులు మెలేస్తాది తల్లీ. ఒక వస్తువుకి ఒక శిల్పి. ఒకే కార్డు. మీ ఆయనకొస్తే నీకొచ్చినట్టు కాదేటి?"

కాదు. ఎందుకు కాదో హాలు బయట వేపచెట్టు నీడలో నిలబడి ఉంది. ఆ పిల్ల పేరు సస్మిత. కల్యాణసింగ్‌పూర్ దగ్గర పల్లె నుంచి తెల్లారే బయల్దేరి, రాయగడలో బస్సు మారి వచ్చింది. వాళ్ల ఊరి ఆడవాళ్లు ఎనిమిదిమంది గిలకలు నింపడం నేర్చుకుంటామని అర్జీ పెట్టారు. కల్యాణసింగ్‌పూర్‌లో కొత్తగా కట్టిన శిక్షణ షెడ్డు వాళ్లకిస్తామన్నారు. షరతు ఒకటే: నేర్పే మనిషికి శిల్పి కార్డు ఉండాలి. కొయ్య బుర్రలు ఎక్కడినుంచైనా తెచ్చుకోవచ్చు. నింపడం మార్తమ్మ దగ్గరే నేర్చుకోవాలి. ఇంకెవరికీ రాదు.

"మావుసీ, రాసేరా?" అంది సస్మిత. సంతల్లో తిరిగి తిరిగి తెలుగు పట్టేసిన పిల్ల, పిన్నీ అనడానికి మాత్రం ఒడియా మాటే.

"రాసేరమ్మీ. హెల్పరని."

"హెల్పర్‌కి షెడ్డు తాళం ఇవ్వరు మావుసీ."

"తెలుసు," అంది మార్తమ్మ.

మంగళవారం పొద్దున దేవప్రసాద్ లేతు మిషను ఆన్ చేశాడు. పెరట్లో రేకుల కొట్టం. అంకుడు కర్ర ముక్కని మిషనుకి బిగించి, ఉలి ఆనించాడు. తెల్లటి పొట్టు రిబ్బనులా చుట్టుకుంటూ పాదాల మీద పడుతోంది. గురువారం కమిటీకి ఆరు జతలు చూపించాలి. బుర్ర రెండు చిప్పలుగా వస్తుంది. కింది చిప్పకి పిడి, పై చిప్ప మూత. గోడ మందం అంతటా రూపాయి బిళ్లంత ఉండాలి. ఒకపక్క ఎక్కువైతే మోత ఆ పక్కకి ఒరిగిపోతుంది. అది దేవప్రసాద్ విద్య. అందులో వంక పెట్టడానికి లేదు. చేత్తో తడిమితే చాలు, ఎక్కడ వెంట్రుకవాసి తేడా ఉందో చెప్పేస్తాడు.

అతని ఎడమపక్క పీట ఖాళీగా ఉంది. మామూలుగా అయితే మార్తమ్మ ఆ పీట మీద కూర్చుంటుంది. ముందు మూడు జల్లెళ్లు, అయిదు డబ్బాలు. డబ్బాల్లో మెట్టతామర గింజలు. నల్లగా, గట్టిగా, తుపాకి గుళ్లలా ఉంటాయి. ఆసుపత్రి కాలవ గట్టు మీద, రైలు స్టేషను వెనక నీళ్ల గుంట పక్కన కాస్తాయి. కాయ ఎండి పగిలేదాకా ఆగి ఏరుతుంది. ఏరినవి ఆ ఏడు వాడదు. ఒక వాన, ఒక ఎండ దాటాలి. అప్పటికి లోపలి తడి పోయి గింజ రాయి అవుతుంది. తర్వాత జల్లెడ పట్టి మూడు సైజులు చేస్తుంది. చిప్పలో గింజలు వేసి, మూత పెట్టి, గుడ్డపీలికతో బిగించి, ఊపి వింటుంది. మూడు తీస్తుంది. మళ్లీ ఊపుతుంది. ఒకటి కలుపుతుంది. లెక్క చూడదు, వింటుంది. కుడిచేతిది తేటగా పలకాలి, ఎడమచేతిది కొంచెం బరువుగా. రెండూ కలిసి నడవాలి, ఒకదాన్నొకటి తోసుకోకూడదు. కుదిరాకనే జిగురు.

ఈరోజు ఆమె వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

మొదటి పన్నెండు చిప్పలు బుట్టలో పడేసరికి దేవప్రసాద్ మిషను ఆపాడు.

"ఏటే, రావా?"

"ఎక్కడికి?"

"ఎక్కడికేటి. గింజ పొయ్యవా?"

"హెల్పర్ సెలవులో ఉంది."

దేవప్రసాద్ తుండుతో మెడ మీద పొట్టు దులుపుకున్నాడు. "నాను రాయమన్నానేటి? ఆడు రాసేడు."

"ఆడు అడిగేడు. మీరు సెప్పేరు. 'గింజలు నింపుద్దండి.' ఎడ్లకి కుడితి నింపినట్టు."

"మరేటి సెప్పాల? నువ్వు సేసీదానికి మాటుందేటి ఒకటి?"

అది నిజమే. మార్తమ్మ జవాబు వెతికింది, దొరకలేదు. దొరక్కపోయేసరికి కోపం ఇంకాస్త పెరిగింది. చిక్కుడుగింజలు గిన్నెలో పడుతుంటే, అవి పడే చప్పుడులో కూడా ఏవి ముదురో ఏవి లేతో ఆమె చెవికి వేరువేరుగా తెలుస్తోంది. ఆ తెలియడానికి పేరేమిటి? ఏ గడిలో రాస్తారు?

ప్రవీణ మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చింది. ఇంటిలో చప్పుడు లేకపోవడం చూసి బేగు కింద పెట్టింది.

"ఏటి నానా, ఎవరైనా పోయేరా?"

"మీ అమ్మ సమ్మె సేస్తంది."

"జీతమెంత పెంచమంటంది?"

"జీతం కాదు అమ్మీ," అన్నాడు దేవప్రసాద్. "పేరు."

ప్రవీణ తల్లి వైపు చూసింది. తల్లి చిక్కుడు తొక్కలు చీపురుతో పోగు చేస్తోంది. పిల్ల నవ్వడం మానేసింది.

బుధవారం దేవప్రసాద్ తనే పీట మీద కూర్చున్నాడు. మార్తమ్మ నూతి దగ్గర బట్టలు ఉతుకుతోంది. ఆమెకి వీపు వైపు కొట్టం. డబ్బా మూత తీసిన చప్పుడు విన్నది. అది కొత్త గింజల డబ్బా. ఈ ఏడు ఏరినవి, లోపల ఇంకా తడి ఉన్నవి. పైకి చూస్తే అన్నీ ఒకేలా నల్లగా ఉంటాయి. చీర జాడించింది.

గింజలు చిప్పలో పడ్డాయి. ఎక్కువ. అతను మూత పెట్టి ఊపాడు. బొద బొద మంది, తడిసిన బియ్యం డబ్బాలో ఊపినట్టు. కొన్ని తీశాడు. మళ్లీ ఊపాడు. ఈసారి పలచగా, ఏడవలేక ఏడ్చినట్టు. మళ్లీ వేశాడు. గుప్పెట్లతో వేస్తున్నాడు. ఒక్కొక్కటిగా వేయాలని ఇరవై ఏళ్లు పక్కన కూర్చుని కూడా అతను చూడలేదు. అతని కళ్లు ఎప్పుడూ ఉలి మొన మీదే ఉన్నాయి. మార్తమ్మ చేతులు నీళ్లలోనే గుప్పెళ్లు కట్టుకున్నాయి. లేచి వెళ్లి ఆ డబ్బా లాక్కోవాలని ఉంది. బట్ట పిండితే ఆ చేతుల్లో గుడ్డ చిరిగేలా ఉంది.

పావుగంటకి అతను వచ్చి నూతి చప్టా మీద కూర్చున్నాడు.

"నా వల్ల కాదు. నువ్వు మొండిపట్టు పడితే ఇద్దరం పోతాం మార్తా."

"పోం. ఖాళీవే పట్టుకెళ్లండి."

"ఏటి?"

"గింజ లేకుండా జిగురెట్టీకుండా మూతలు బిగువుగా నొక్కెట్టండి. నాను గింజల సంచి పట్టుకుని పక్కన ఉంటాను. ఆళ్లు ఊపుతారు. మోగదు. ఏటిది, మోగదేటని అడుగుతారు. అప్పుడు మీరు నన్ను సూపెట్టండి. నాను ఆళ్ల కళ్లెదురుగా నింపుతాను. ఆ తర్వాత హెల్పరని రాస్తారేటో సూద్దాం."

దేవప్రసాద్ గెడ్డం గోక్కున్నాడు.

"ఊపకపోతే?"

మార్తమ్మకి నవ్వొచ్చింది. మూడ్రోజుల్లో మొదటిసారి.

"బాగుంది. గిలకని సేతికిస్తే ఊపని మనిషుంటాడేటండీ? నెలల పిల్లకిస్తే ఊపుద్ది. కోతికిస్తే ఊపుద్ది."

ఇక్కడే ఆమె తప్పు చేసింది. తనలాంటివాళ్లు మాత్రమే చేయగల తప్పు. జీవితమంతా చెవితో బతికిన మనిషి, లోకంలో అందరికీ చెవులు పని చేస్తాయని నమ్మింది.

గురువారం సంత. కొండల మీద నుంచి జనం దిగుతున్నారు. పసుపు కొమ్ముల బుట్టలు, అల్లం, అరటిగెలలు. హాల్లో శిల్పులు నేలమీద వరసలుగా కూర్చున్నారు. ఒక్కొక్కరికీ ఎదురుగా చాప ముక్క, దాని మీద సరుకు. దేవప్రసాద్ ఆరు జతలూ తెల్లగుడ్డ మీద పేర్చాడు. లక్క రంగు పట్టించాడు, ఎరుపు, పసుపు. ఒక చిన్న ఉలి, గరుకు కాగితం పక్కన పెట్టుకున్నాడు. మార్తమ్మ అతని వెనక గోడకి ఆనుకుని కూర్చుంది. ఒళ్లో గుడ్డసంచి. సంచిలో రెండేళ్ల పాత గింజలు, అన్నిటికన్నా మంచివి. కడిగి ఉతికిన నీలం చీర కట్టుకుంది.

కమిటీ పదకొండున్నరకి వరసలోకి దిగింది. ముందు ఛైర్మన్ పెద్దసారు. ఆయన వెనక సుభశ్రీ అనే డిజైను మేడమ్, రాజధానిలో చదువుకున్నది. ఆమె వెనక రమణమూర్తి, అట్ట మీద కాగితాలు క్లిప్పుకి పెట్టుకుని. ఫొటోలు తీసేవాడు ఒకడు వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు.

దేవప్రసాద్ ముందు ఆగారు. సుభశ్రీ మేడమ్ మోకాళ్ల మీద కూర్చుని ఒక గిలక పిడి పట్టుకుని ఎత్తింది. నిలువుగా పట్టుకుంది, కొవ్వొత్తిలా. వెలుతురుకి తిప్పి చూసింది.

"ఫినిష్ చాలా బాగుంది," అంది ఒడియాలో. "గీతలు ఎంత సమంగా ఉన్నాయో చూడండి సర్."

పెద్దసారు వంగి చూసి తలాడించాడు. మేడమ్ జేబులోంచి కొలత టేపు తీసి బుర్ర చుట్టుకొలత కొలిచింది. రమణమూర్తి రాశాడు. పిడి కొలిచింది. రాశాడు. లక్క రంగు చెట్టుదా డబ్బాదా అని అడిగింది. చెట్టుదేనని దేవప్రసాద్ చెప్పాడు. రాశాడు. ఉలి పట్టి చూపించమన్నారు. ఒక పిడి మీద సన్నటి గీత గీసి చూపించాడు. ఫొటోలవాడు దాన్ని మూడు వైపుల నుంచి తీశాడు.

ఒకసారి మేడమ్ చెయ్యి వాలింది. గిలక పక్కకి ఒరిగింది. మార్తమ్మ గింజల సంచి ముడి పట్టుకుంది. ఇప్పుడు. ఇప్పుడు ఊపుతుంది. మేడమ్ ఫోన్ మోగింది. గిలకని జాగ్రత్తగా, అద్దం వస్తువులా, తెల్లగుడ్డ మీద పెట్టి లేచింది.

"అలంకార వస్తువులు," అన్నాడు పెద్దసారు. "ఏ గ్రేడు."

రమణమూర్తి టిక్కు పెట్టాడు. అప్పుడు మార్తమ్మ కనబడింది పెద్దసారుకి.

"మీ భార్యా? మంచి నీళ్లు ఒక బాటిల్ తెమ్మనండి."

మార్తమ్మ లేచింది. సంచి నేలమీద పెట్టి, వెళ్లి నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఎందుకిచ్చిందని అడగకండి. దాహమని అడిగితే ఇవ్వడం ఆమెకి అలవాటు. ఆలోగా ఫొటోలవాడు దేవప్రసాద్‌ని నిలబెట్టి ఒక ఫొటో తీశాడు. కమిటీ ఇత్తడి బొమ్మల దగ్గరికి వెళ్లిపోయింది.

ఒక్కరు కూడా ఊపలేదు. పన్నెండు గిలకలు. ముగ్గురు పరీక్షకులు. ఆరు చేతులు.

"అడుగుదాం రా," అన్నాడు దేవప్రసాద్ గొంతు తగ్గించి.

"ఏటని అడుగుతాం? ఏ గ్రేడెందుకిచ్చేరనా?"

ఆమె గొంతులో కోపం లేదు. అది అతనికి నచ్చలేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది.

సంతలో నుంచి నడుచుకుంటూ వస్తున్నారు. దేవప్రసాద్ చేతిలో పచ్చరంగు తాత్కాలిక కాగితం. రేపు పెద్దసారు సంతకం పడితే అదే కార్డు. మార్తమ్మ ఎండుచేపల దగ్గర ఆగింది. అతను రెండడుగులు ముందుకి వెళ్లి, ఎవరో పిలిస్తే నిలబడ్డాడు.

జొగి మాఝి. కొండ ఊరి నాట్యం జట్టుకి పెద్ద. ఏడాదికోసారి వచ్చి రెండు జతలు పట్టుకెళతాడు. భుజాన అరటిగెల, చెవిలో బీడీ. దేవప్రసాద్ బుట్టలో గిలకలు చూసి ముఖం వెలిగిపోయింది. బేరం మాట్లాడకుండానే చెయ్యి పెట్టి ఒక జత తీశాడు. రెండు చేతులా పట్టుకుని ఊపాడు.

ఏమీ లేదు.

ముసలాయన ఆగాడు. కుడిది చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. ఎడమది పెట్టుకున్నాడు. రెండూ మెల్లగా, చాలా మెల్లగా, బుట్టలో తిరిగి పెట్టాడు. దేవప్రసాద్ ముఖంలోకి చూశాడు.

"మావుసీకి ఒంట్లో బాలేదా?" అన్నాడు.

ఎండుచేపల దగ్గర మార్తమ్మకి వినబడింది. తిరగలేదు. తూకం వేయించుకున్న చేపలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది.

"ఏమైంది చెప్పవయ్యా," అన్నాడు జొగి మాఝి, కొండ ఊళ్లలో మాట్లాడే దేశియా భాషలో. "జ్వరమా? ఆసుపత్రిలో పెట్టారా? పెద్ద కష్టమా?" అతని చెయ్యి అప్పటికే అరటిగెల కట్టు విప్పుతోంది, ఇంట్లో జబ్బు మనిషికి ఒక హస్తం పళ్లు ఇచ్చి పంపడానికి.

దేవప్రసాద్ గిలకల వంక చూశాడు. అతను చేసిన కొయ్యకి వంక లేదు. గోడ మందం సరిగ్గా ఉంది. రంగు సరిగ్గా ఉంది. ముసలాయన ఆ కొయ్య వంక చూడను కూడా చూడలేదు. మోత లేదనగానే మనిషి ఎలా ఉందని అడిగాడు.

"బాగానే ఉంది," అన్నాడు చివరికి. "అదిగో."

ముసలాయన ఆమెని చూసి, గట్టిగా గాలి వదిలి, నవ్వాడు. తర్వాత పచ్చకాగితం చూశాడు. చదువు రాదు. "ఇదేమిటి?" అన్నాడు. దేవప్రసాద్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

శుక్రవారం పొద్దున అతను ఒక జత గిలకలు, గింజల సంచి, గుడ్డపీలికలు తనే సర్దాడు. మార్తమ్మ తలుపు గొళ్లెం పెట్టింది. అతని వెనక నడిచింది.

హాల్లో సంతకాల బల్ల దగ్గర ముగ్గురూ ఉన్నారు. వరసలో ముప్పైమంది. దేవప్రసాద్ పచ్చకాగితం ఇవ్వలేదు. గిలకల జత బల్ల మీద పెట్టాడు.

"ఊపండి సార్," అన్నాడు.

"ఏమిటి?"

"ఒక్కసారి ఊపండి."

పెద్దసారు నవ్వుతూ తీసుకుని ఊపాడు. మళ్లీ ఊపాడు. నవ్వు కొంచెం కొంచెంగా తగ్గింది.

"ఇది పాడైందే?"

"పాడవలేదు సార్. నిన్న మీరు ఏ గ్రేడిచ్చిందే ఇది. పన్నెండూ ఇలాగే ఉన్నాయి. గిలక మోగాల సార్. మోగకపోతే అది గిలక కాదు, కర్ర. కర్ర నాది. మోత ఈవిడది. ఫారంలో నాను తప్పు సెప్పేను. నింపుద్దని సెప్పేను. కొట్టేసి ఈవిడ పేరు రాయండి. ఒకే పేరుంటే ఈవిడదే రాయండి. నాకొద్దు."

రమణమూర్తి తల ఎత్తకుండా, తెలుగులో, పెదాలు కదలకుండా అన్నాడు: "ఒరే బాబూ, ఉన్నది కూడా పోతాది. సంతకం ఎట్టించుకుని ఎల్లిపో."

"పోతే పోనీ గురువుగారూ."

సుభశ్రీ మేడమ్ ఫారం తిరగేసింది. "కానీ గింజలు నింపడం అసెంబ్లింగ్ కదా," అంది. దురుసుగా కాదు. నిజంగానే అనుకుంది. "అది ఎవరైనా చేయొచ్చు."

"అలాగైతే మీరు సెయ్యండమ్మా," అంది మార్తమ్మ.

గిలక మూత తీసి, గింజల సంచి విప్పి బల్ల మీద పెట్టింది. మేడమ్ చిన్నగా ఎర్రబడింది. కానీ ఊరికే కూర్చోలేదు, గుప్పెడు గింజలు తీసి చిప్పలో పోసి, మూత పెట్టి ఊపింది. వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకోసారి ప్రయత్నించింది. ఆమె అయినా చేసి చూసింది, ఆ మాట ఒప్పుకోవాలి. పెద్దసారు చేతులు కట్టుకునే ఉన్నాడు.

మార్తమ్మ నేలమీద కూర్చుంది. కాళ్లు ఒక పక్కకి మడిచి. చిప్ప ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్క గింజా వేసింది. మూత పెట్టి పీలిక బిగించి ఊపింది. విప్పింది. రెండు తీసింది. ఎవరి వంకా చూడలేదు. హాల్లో మాటలు తగ్గాయి, ఆమె అడగలేదు, వాటంతటవే తగ్గాయి. ఎడమది కూడా అయింది. రెండూ పట్టుకుని, మోచేతులు ఒంటికి ఆనించి, మణికట్లు మాత్రమే కదిలించింది. కుడిది తేటగా, ఎడమది దాని కింద నడుస్తూ. బుట్టల ముసలమ్మ బొటనవేలు నేలమీద కొట్టడం మొదలుపెట్టింది. ఇత్తడి పోసేవాళ్లలో ఒకడు మోకాలు తట్టాడు. మార్తమ్మ ఎక్కువసేపు ఊపలేదు. పనివాళ్లు సరుకు చూపించినంతసేపే. ఆపి, జత బల్ల మీద పెట్టింది.

"బాగుంది," అన్నాడు పెద్దసారు. "చాలా బాగుంది. కానీ అమ్మా, నిన్ననే ఆన్‌లైన్‌లో ఎక్కించేశాం. ఇప్పుడు మార్చడానికి కుదరదు. మోతకి వేరే విభాగం లేదు. వచ్చే ఏడు కేంపులో చూద్దాం. ప్రస్తుతానికి మీ ఆయన కార్డు ఉంది కదా."

సుభశ్రీ మేడమ్ ఏదో అనబోయింది. పెద్దసారు ఆమె వైపు చూశాడు. ఆమె కలం మూత పెట్టుకుంది.

దేవప్రసాద్ జేబులోంచి పచ్చకాగితం తీశాడు. మడత విప్పి, అరిచేత్తో చదును చేసి, పెద్దసారు టీ గ్లాసు ఎత్తి, దాని కింద పెట్టాడు. గ్లాసు మళ్లీ దించాడు. మార్తమ్మకి చెయ్యి అందించి లేపాడు. పది కిలోమీటర్ల దూరం నడిచి వచ్చినవాడిలా అలిసిపోయి ఉన్నాడు. కానీ బయటికొచ్చాక, "ఆకలేస్తంది, ఇడ్లీ తిందామేటే?" అన్నాడు.

"రెండు ప్లేట్లు తింటాను," అంది మార్తమ్మ.

సోమవారం ఇద్దరూ కల్యాణసింగ్‌పూర్ బస్సు దిగారు. షెడ్డుకి తాళం. కాపలా మనిషి కార్డు చూపించమన్నాడు. లేదని చెబితే, ఎండ పడకుండా పక్కకి జరిగి కూర్చోమన్నాడు, అతని చేతిలో ఉన్నది అంతే. సస్మిత, ఎనిమిదిమంది ఆడవాళ్లు అరుగు మీద చాపలు పరిచారు. కిటికీ లోంచి లోపల కొత్త బల్లలు కనబడుతున్నాయి, ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పలేదు. మార్తమ్మ ఒక్కొక్కరి గుప్పెట్లో అయిదేసి గింజలు పోసింది. కళ్లు మూసుకుని, చెయ్యి ఆడించి, ఏది తడిదో చెప్పమంది. మొదటిరోజు ఒక్కతే సరిగ్గా చెప్పింది. దేవప్రసాద్ మెట్టు మీద కూర్చుని చిప్పలకి మూతలు సరిచూస్తున్నాడు. మూడోరోజుకి నలుగురు చెప్పారు. నాలుగోరోజు వాన కొట్టింది, గింజలు తడిశాయి, ఇంటికి పోవలసి వచ్చింది.

ఇది ఇప్పుడు జరుగుతోంది. మీరు ఈ మాటలు చదువుతున్నప్పుడు ఆ అరుగు తడిగా ఉంది, ఆ తాళం వేసే ఉంది. కాబట్టి వచ్చే ఏడు అనకండి. మెట్టతామర కాయలు ఈ నెలలోనే పగులుతాయి. ఇప్పుడు ఏరితేనే మళ్లీ ఏడాదికి పనికొస్తాయి, ఆ ఆడవాళ్లు వాటిని ఎక్కడ ఎండబెడతారు? ఆన్‌లైన్‌లో ఎక్కించినవాళ్లు దించండి. ఫారంలో రెండో పేరుకి చోటు పెట్టండి, సన్నాయికి గొట్టం తొలిచేవాడు వేరు, రెల్లు చెక్కేవాడు వేరు అని మీకు ఎవరూ చెప్పలేదా? మార్తమ్మ పేరు శిల్పి అని రాయండి. ఆమెతో బతిమాలించుకోకుండా, మీరే జీపెక్కి వచ్చి, ఈ వారమే ఆ షెడ్డు తాళం తియ్యండి.